నది కట్టిన నేల

జపాను దేశంలో సక్యో కొమత్సు అనే రచయిత ఉండేవాడు. ఆయన 1973లో ఒక పెద్ద నవల అచ్చువేశాడు. ఆ కథలో జపాను దేశమంతా సముద్రంలో కుంగిపోతుంది. మొదట ఒక చిన్న దీవి మాయమవుతుంది. కారణం తెలుసుకుందామని ఒక శాస్త్రజ్ఞుడు జలాంతర్గామిలో సముద్రం అడుగుకు దిగుతాడు. అక్కడ నేల కదిలిన గుర్తులు చూస్తాడు. పైకి వచ్చి చెబితే అతని మాట ఎవరూ నమ్మరు. ఆ తరవాత భూకంపాలు వస్తాయి, అగ్నిపర్వతాలు పేలుతాయి. కోట్లమంది జనాన్ని ఇతర దేశాలకు దాటించటానికి ప్రభుత్వం నానా తంటాలూ పడుతుంది. చివరకు జపాను అనే దేశం భూపటంలో లేకుండా పోతుంది.

ఒక రాత్రి ఈ కథ మా మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల ఏడో తరగతి చదువుతున్నది. కథ అంతా విని, దుప్పటిలోంచి తల బయటికి పెట్టి, "తాతయ్యా, మన తెనాలి కూడా అలాగే కుంగిపోతుందా?" అని అడిగింది.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి, ప్రధానోపాధ్యాయుడుగా దిగినవాణ్ణి. పిల్లలు అడిగే ప్రశ్నలలో ఇలాంటివాటికి అవుననీ కాదనీ ఒక్క మాటలో చెప్పకూడదని నాకు తెలుసు. "దసరా సెలవులు వస్తున్నాయిగా! రేపల్లె, బాపట్ల తిరిగివద్దాం. జవాబు అక్కడ కళ్లతో చూడొచ్చు," అన్నాను.

తెనాలి మీలో చాలామందికి తెలిసిన ఊరే. ఊళ్లోంచి మూడు కాలువలు పారుతాయి. అవి కృష్ణ నీళ్లు. విజయవాడ దగ్గర నదికి అడ్డంగా 1855లో ఆనకట్ట పూర్తిచేశారు. 1952లో దానికి గండిపడింది. తరవాత దానికి బదులుగా ప్రకాశం బారేజీ వచ్చింది. అది 1957లో పూర్తి అయింది. ఆ నీళ్లే తెనాలి మాగాణికి ప్రాణం. పిల్లలకు కథలూ, పెద్దలకు శాస్త్ర విషయాలూ ఒకే చేత్తో రాసిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1909లో ఈ ఊళ్లోనే పుట్టారు.

తెల్లవారుజామున స్టేషనుకు నడుస్తూ కాలువ వంతెన మీద ఆగాము. "నీళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగాను.

"శుభ్రంగానే ఉన్నాయి, తాతయ్యా."

"నా చిన్నప్పుడు ఈ రోజుల్లో ఎర్రగా ఉండేవి. బిందె నిండా పట్టి ఇండుపగింజ అరగదీసి వేస్తేగాని తాగటానికి పనికొచ్చేవి కావు. ఈ సంగతి గుర్తుపెట్టుకో. సాయంత్రం మళ్లీ అడుగుతాను," అన్నాను.

రేపల్లె బండి ఎక్కాము. వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోయే ఈ దారి 20 మైళ్లకు పైగా ఉన్నది. కిటికీకి రెండువైపులా పచ్చని వరిచేలు. ఎంత దూరం చూసినా ఒక గుట్ట కనపడదు, ఒక బండరాయి కనపడదు. మా మనవరాలు లెక్కపెట్టటానికి ఒక్క రాయైనా దొరుకుతుందేమోనని చూసి చూసి విసిగిపోయింది.

"రాయి ఎందుకు లేదు?" అన్నది.

"ఈ నేల కొండలు ఇచ్చింది కాదు, నది తెచ్చింది గనక!" అన్నాను.

పిల్లలూ, ఈ సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. కృష్ణానది మహారాష్ట్రలో మహాబలేశ్వరం కొండల్లో పుట్టి, 1,400 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికి వస్తుంది. దారిపొడుగునా నల్లరేగడిని, ఎర్రమట్టిని, ఇసుకను కడిగి మోసుకొస్తుంది. సముద్రం దగ్గరికి వచ్చేసరికి దాని పరుగు తగ్గుతుంది. బరువు మోసే కూలి గమ్యం చేరగానే మూట దించినట్టు, నది ఆ మట్టిని దించేస్తుంది. అదే ఒండ్రు. సుమారు 6 వేల సంవత్సరాలుగా నది ఇలా మట్టి దించుతూ సముద్రాన్ని వెనక్కి నెట్టింది. అలా ఏర్పడిన నేలనే డెల్టా అంటారు. తెనాలి సముద్రమట్టానికి సుమారు 11 మీటర్ల ఎత్తులో ఉన్నది. రేపల్లె, బాపట్ల అంతకంటే పల్లం.

భట్టిప్రోలులో దిగి, అక్కడి బౌద్ధస్తూపం చూశాము. 1892లో అలెగ్జాండరు రే అనే ఆయన ఇక్కడ తవ్వించాడు. స్తూపంలో రాతి భరిణెలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మీలిపిలో అక్షరాలు ఉన్నాయి. అవి 2 వేల సంవత్సరాలకు పైబడినవి. అంటే అప్పటికే ఇక్కడ గట్టి నేల ఉన్నది, మనుషులున్నారు, చదువున్నది. మా మనవరాలు ఇటుకల మీద చెయ్యిపెట్టి, "ఇది ఇన్నేళ్లూ కుంగలేదుగా!" అని సంతోషించింది. నేను ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి రేపల్లె చేరాము. అక్కడినుంచి పెనుమూడి వెళ్లాము. అక్కడ కృష్ణ మీద పొడుగాటి వంతెన ఉన్నది. వంతెన దాటితే దివిసీమ. అదివరకు ఇక్కడ పడవల మీదనే దాటేవాళ్లం.

ఏటి ఒడ్డున కూర్చుని మేమొక ప్రయోగం చేశాము. మీరూ ఇంట్లో చేసి చూడండి. రెండు గాజుగ్లాసులు తీసుకోండి. రెంటిలోనూ ఒండ్రుమట్టి కలిపిన బురదనీళ్లు పొయ్యండి. ఒకదానిలో మాత్రం చారెడు ఉప్పు వేసి బాగా కలిపి, రెంటినీ కదల్చకుండా ఉంచండి. ఉప్పు వేసిన గ్లాసులో బురద ముందుగా అడుగుకు దిగి, పైన నీళ్లు తేటపడతాయి. ఉప్పు లేని గ్లాసు చాలాసేపు మురికిగానే ఉంటుంది. ఉప్పునీటిలో సన్నని మట్టిరేణువులు ఒకదానికొకటి అంటుకుని, గుంపులుగా బరువెక్కి కిందికి దిగుతాయి. నది సముద్రంలో కలిసేచోట జరిగేది కూడా ఇదే. కొత్త నేల పుట్టే కార్ఖానా అక్కడ ఉన్నదన్నమాట.

"మరి కొత్తగా పోసిన మట్టి ఏమవుతుంది?" అని అడిగాను.

మా మనవరాలు కొంచెం ఆలోచించి, "మా బడి వెనక గుంట పూడ్చారు. మొదట ఎత్తుగా ఉన్నది. వానలు పడ్డాక కుంగింది," అన్నది.

ఆ మాట అక్షరాలా నిజం. డెల్టా నేల కూడా తన బరువుకు తానే ఏటా కొంచెం కుంగుతుంది. అయినా పూర్వం మునిగిపోలేదు. ఎందుకంటే ఏటా వరదలలో నది పైన కొత్త మట్టి పరిచేది. కుంగినంతా నిండేది. మట్టి ఇంటికి ఏటా సంక్రాంతికి అలికి పూసినట్టు, నది ఈ నేలకు ఏటా ఒక పూత పూసేది.

"ఇప్పుడు తెనాలి కాలువలో నీళ్లు ఎలా ఉన్నాయన్నావు?"

"శుభ్రంగా..." అని, ఆ పిల్ల సగంలో ఆగిపోయింది. తరవాత నెమ్మదిగా, "అయితే మట్టి ఎక్కడికి పోయింది, తాతయ్యా?" అన్నది.

మట్టి ఆనకట్టల వెనక ఆగిపోయింది. 1967లో నాగార్జునసాగరు నీళ్లు వదిలారు. 1980లలో శ్రీశైలం ఆనకట్ట పనిలోకి వచ్చింది. పైన కర్ణాటకలో, మహారాష్ట్రలో మరెన్నో ఉన్నాయి. అవి మనకు అన్నం పెడుతున్నాయి, దీపాలు వెలిగిస్తున్నాయి. వాటిని తిట్టటం కృతఘ్నత. కాని నీళ్లు ఆగితే మట్టి కూడా ఆగుతుంది. కృష్ణ ఒకప్పుడు సముద్రానికి తెచ్చిన ఒండ్రులో ఇప్పుడు పదో వంతు కూడా తేవటం లేదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. 2009లో ప్రపంచంలోని డెల్టాలను పరిశీలించినవారు, కుంగిపోయే ప్రమాదం ఉన్నవాటిలో మన కృష్ణా డెల్టాను కూడా చేర్చారు. 1965 నుంచి 2008 వరకు కృష్ణా, గోదావరి డెల్టాల తీరంలో సముద్రం కొన్నిచోట్ల నేలను మింగింది, కొన్నిచోట్ల నేలను వదిలింది. రెండూ చూసుకుంటే నికరంగా 40 చదరపు కిలోమీటర్లకు పైగా మనకే నష్టం వచ్చింది.

ఇక సముద్రం సంగతి. భూమి వేడెక్కి మంచు కరగటం వల్లా, వేడికి నీరు ఉబ్బటం వల్లా, సముద్రమట్టం ఇప్పుడు ఏడాదికి సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతున్నది. మా మనవరాలికి పలకా బలపం లేకుండా నోటిలెక్క ఇచ్చాను.

"ఏడాదికి 4 మిల్లీమీటర్లయితే 100 ఏళ్లకు?"

"400 మిల్లీమీటర్లు. 40 సెంటీమీటర్లు. ఓస్, నా మోకాలి దాకానే!"

"తెనాలి నుంచి సముద్రం సుమారు 40 కిలోమీటర్లు. ఎత్తు 11 మీటర్లు. అంటే దాదాపు 4 కిలోమీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కుతాము. మరి 40 సెంటీమీటర్లు ఎక్కాలంటే ఎంత దూరం నడవాలి?"

ఆ పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టి, "1,600 మీటర్లు. ఒక మైలు!" అన్నది. తరవాత ఏటి అవతలి ఒడ్డును చాలాసేపు చూసింది. మోకాలి లోతు నీరు చదునైన నేల మీద మైలు దూరం ఎలా పోతుందో ఆమెకు తెలిసింది. ఈ లెక్కలో నేల కుంగటం నేను కలపనే లేదు.

ఆ సాయంత్రం సముద్రం వైపు ఉన్న ఒక పల్లెకు వెళ్లాము. దారిలో రొయ్యల చెరువులు వరసగా ఉన్నాయి. వాటికి అవతల మడ అడవులు. మడచెట్లు ఉప్పునీటి బురదలో పెరుగుతాయి. వాటి వేళ్లు వలలాగా అల్లుకుని మట్టిని పట్టి ఉంచుతాయి, అలల జోరును విరుస్తాయి. నరికివేత వల్ల పాడైనచోట్ల చేపముల్లు ఆకారంలో చిన్న కాలువలు తవ్వి, పోటునీరు పారించి, మళ్లీ మడ మొక్కలు పెంచుతున్నారు.

ఆ పల్లెకు నేను ఎందుకు వెళ్లానో చెబుతాను. 1977 నవంబరు 19న పెద్ద తుఫాను వచ్చింది. అప్పుడు నాకు 18 ఏళ్లు, తెనాలిలో కాలేజీ చదువు. రాత్రంతా గాలి ఊళ పెట్టింది. మా ఇంటి పెంకులు ఎండుటాకుల్లా లేచిపోయాయి. మాకు అదే ప్రళయం అనుకున్నాము. తరవాత దివిసీమ కబురు తెలిసింది. సముద్రం 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. దీన్నే మనవాళ్లు ఉప్పెన అంటారు. పదివేలమంది దాకా పోయారు. బాపట్లలో తలదాచుకోవటానికి చర్చిలోకి పోయినవారి మీద ఆ కప్పు కూలి, చాలామంది చనిపోయారు.

మేము విద్యార్థులం కొందరం అన్నం పొట్లాలు కట్టించుకుని రేపల్లె వైపు వెళ్లాము. అక్కడ గట్టు మీద ఒక రైతు కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో గేదెను కట్టే పలుపు ఉన్నది. పలుపు చివర గేదె లేదు. అన్నం పొట్లం ఇస్తే రెండో చేత్తో తీసుకున్నాడు గాని, పలుపు వదలలేదు.

కొన్నేళ్ల తరవాత నాకు ఉద్యోగం ఈ పల్లె బడిలోనే వచ్చింది. బడి గోడ మీద ఉప్పెన నీరు నిలిచిన చార అప్పటికీ ఉన్నది. అది వానలకు వెలిసిపోతుంటే, నేను దాని మీద నీలిరంగుతో గీత గీయించి, తేదీ రాయించాను. ఏటా నవంబరు 19న పిల్లలను ఆ గీత పక్కన నిలబెట్టేవాణ్ణి. "గీత నాకంటే ఎత్తు" అనేవాళ్లు చిన్నపిల్లలు. తుఫాను హెచ్చరిక వస్తే ఏం చెయ్యాలో వాళ్లకు వేరే పాఠం చెప్పవలసిన పని ఉండేది కాదు.

ఇప్పుడు వెళ్లి చూస్తే గీత లేదు! గోడకు చక్కగా సున్నం వేసి, ఏనుగులూ నెమళ్లూ బొమ్మలు వేశారు. అక్కడ ఉన్న కుర్ర మాస్టారు మర్యాదగా కుర్చీ వేసి, "గీత సంగతి నాకెవరూ చెప్పలేదండీ, మాస్టారూ," అన్నాడు. అతని తప్పేమున్నది? అతను పుట్టకముందు సంగతి. నాకు మాత్రం గుండె కలుక్కుమన్నది.

మర్నాడు బస్సులో బాపట్ల వెళ్లాము. రేపల్లె, బాపట్ల 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. బాపట్ల దగ్గర పడేకొద్దీ నేల రంగు మారింది. నల్లమట్టి పోయి ఇసుక వచ్చింది. వేరుశనగ చేలు, జీడిమామిడి, సరుగుడు తోటలు. తీరానికి ఎంతో లోపల కూడా బారులు బారులుగా ఇసుక మెరకలున్నాయి. అవి ఒకప్పటి సముద్రపు ఒడ్లు. నది సముద్రాన్ని నెట్టినప్పుడల్లా పాత ఒడ్డు గీతలాగా లోపల మిగిలిపోయింది. ప్రకృతి గీసిన గీతలకు ఎవరూ సున్నం వెయ్యలేదు!

1945లో పుట్టిన వ్యవసాయ కళాశాల ముందు చెట్టు కింద కూర్చుని టిఫిను తిన్నాము. అక్కడ మా మనవరాలి మొదటి ప్రశ్నకు సగం జవాబు చెప్పాను.

భూమి పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా చీలి ఉన్నది. జపాను దగ్గర అలాంటి పలకలు నాలుగు కలుసుకుంటాయి. ఒకటి మరొకదాని కిందికి దూరుతుంది. అందుకే అక్కడ అన్ని భూకంపాలు, అన్ని అగ్నిపర్వతాలు. మన తీరం పలక అంచున లేదు, పలక మధ్యలో ఉన్నది. ఎప్పుడో 13 కోట్ల సంవత్సరాల కిందట మన దేశమూ అంటార్కిటికా ఖండమూ అతుక్కుని ఉండి విడిపోయాయి. ఆ చీలికలోనే మన తూర్పుతీరం పుట్టింది. అప్పుడు కొన్నిచోట్ల రాయి లోతుగా కుంగింది, కొన్నిచోట్ల గట్టులాగా నిలబడింది. ఆ పల్లాలలో కిలోమీటర్ల మందాన మట్టి నిండి, పైకి అంతా చదునుగా కనపడుతున్నది. లోపల నిలబడిన అలాంటి ఒక రాతిగట్టుకు భూవిజ్ఞానులు బాపట్ల పేరే పెట్టారు. భూకంపాలు మనకు బొత్తిగా రావని కాదు. 1967 మార్చి 27న ఒంగోలులో 5.4 తీవ్రతతో వచ్చింది. కాని జపాను కథలో లాగా దేశం మునగటం ఇక్కడ జరగదు.

"అమ్మయ్య!" అన్నది మా మనవరాలు.

"సగమే చెప్పాను. మిగతా సగం సముద్రం దగ్గర," అన్నాను.

సూర్యలంక తీరం అక్కడికి దగ్గరే. సముద్రం ఆ రోజు సాధువులాగా ఉన్నది. నేను దూరంగా తూర్పుదక్షిణంగా చెయ్యి చూపించాను. 2004 డిసెంబరు 26, ఆదివారం. పౌర్ణమి కావటాన కొందరు సముద్రస్నానాలకు కూడా వచ్చారు. ఉదయం ఆరున్నరకు, ఇక్కడికి 2 వేల కిలోమీటర్లకు పైగా దూరాన, సుమత్రా దగ్గర సముద్రం అడుగున పలక కదిలింది. 9 గంటల ప్రాంతంలో సునామీ మన తీరాన్ని తాకింది. ఆంధ్రప్రదేశ్‌లో వందమందికి పైగా చనిపోయారు. చూశారా, మధ్యలో రెండున్నర గంటలున్నాయి! కాని కబురు చెప్పే ఏర్పాటు లేదు. ఇప్పుడున్నది. 2007 నుంచి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి అడుగు బయటపడితే, గవ్వలేరటానికి పోకూడదు. వెంటనే మెరకకు పరుగెత్తాలి. ఈ ఒక్క ముక్క మీరు మరవకండి.

కబురు అందితే, అందినది వింటే ఎంత తేడా ఉంటుందో లెక్క చూడండి. 1977లో పోయింది పదివేలమంది. 1990 మేలో దాదాపు అంత బలమైన తుఫానే ఈ తీరానికి వచ్చింది. ముందుగా లక్షలమందిని తరలించారు. పోయినవారు వెయ్యికి లోపు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను ఈ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అది 1977 నాటంత బలమైనది కాదు, నిజమే. కాని వేలమంది ముందుగానే పునరావాస కేంద్రాలకు చేరారు. పంటలు పాడయ్యాయి, నాటి ఘోరం మాత్రం జరగలేదు.

"తాతయ్యా, ఆ జపాను కథలో నేల పోయాక మనుషులు ఏమయ్యారు?" అని అడిగింది మా మనవరాలు.

కొమత్సు కథ రాసింది ఆ ప్రశ్న కోసమే. నేల లేకుండా ఒక జాతి జాతిగా ఉండగలదా అని ఆయన అడిగాడు. మాకు ఒక రాష్ట్రం కావాలని తెలుగువాళ్లు 1913లో మొదటి ఆంధ్ర మహాసభ చేసుకున్నది ఈ బాపట్లలోనే. నేల అంటే జనానికి ఎంత పట్టుదలో చూశారా! అలాంటి నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పోతుంటే మాత్రం ఎవరికీ భయం వెయ్యదు. రాత్రికి రాత్రి మునిగితే కథ అవుతుంది. మెల్లగా మునిగితే లెక్క అవుతుంది. లెక్క చెయ్యటం రానివాళ్లకు అది కనపడదు. ఇదే మిగతా సగం జవాబు.

జపానువాళ్లు ఒక పని చేశారు. అనేయోషి అనే పల్లెలో, పూర్వం సునామీకి ఊరంతా పోయాక, మిగిలినవాళ్లు కొండదారిలో ఒక రాయి పాతారు. దీనికి దిగువన ఇళ్లు కట్టవద్దని దాని మీద చెక్కారు. పిల్లలూ, వాళ్ల పిల్లలూ ఆ మాట విన్నారు. 2011 మార్చి 11న మహా సునామీ వచ్చి ఆ రాయికి కొంచెం దిగువన ఆగిపోయింది. పల్లెలో ఇళ్లు నిలిచాయి.

ఇది విని మా మనవరాలు ఏమీ మాట్లాడలేదు. తిరుగు రైలులో, తెనాలి దగ్గర పడుతుండగా, "నీలిరంగు డబ్బా ఎంతవుతుంది, తాతయ్యా?" అన్నది.

మరుసటి ఆదివారం మళ్లీ ఆ పల్లెకు వెళ్లాము. కుర్ర మాస్టారు తానే నిచ్చెన తెచ్చాడు. గీత కిటికీ పైగట్టుకు రెండు ఇటుకల ఎత్తున ఉండేదని నాకు జ్ఞాపకం. అయినా నా జ్ఞాపకం ఒక్కటీ చాలదు గదా! ఊళ్లో ఉప్పెన చూసిన మామ్మ ఒకామెను పిలిపించాము. ఆమె కర్ర ఊతగా వచ్చి, గోడకు వీపు ఆనించి నిలబడి, చెయ్యి పైకెత్తి, "ఇదిగో, నా చంటిదాన్ని ఇంతెత్తున పట్టుకున్నా," అన్నది. ఆమె మణికట్టు సరిగ్గా రెండో ఇటుకకు తగిలింది.

మా మనవరాలు గీత గీసింది. ఏనుగు బొమ్మ వీపు మీదుగా పోయింది ఆ గీత. కింద తేదీ రాసింది. తరవాత బడిపిల్లలంతా వరసగా వచ్చి దాని కింద నిలబడి ఎత్తు చూసుకున్నారు. ఒక్కడి తల కూడా గీతను అందుకోలేదు.

పిల్లలూ, మీ ఊళ్లో కూడా వరద వచ్చిన గుర్తులు ఎవరికో తెలిసే ఉంటాయి. మీ తాతనో, మామ్మనో అడగండి. వాళ్లు చెయ్యి ఎక్కడికి ఎత్తి చూపిస్తే, అక్కడ గీత గీయండి.